వెట్టి వేరు, ఇవ్వడం వేరు

(హైస్కూలు పిల్లలకు పత్రికా రచన నేర్పడం గురించి అమీర్‌పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమీర్‌పేట, పంజాగుట్ట బస్తీల్లోని హైస్కూలు పిల్లలకు మేము ఆదివారం ఆదివారం పత్రిక పెట్టడం నేర్పుతున్నామని మీకు తెలుసు. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు. వార్త ఎట్లా రాయాలి, మనిషిని ఎట్లా ప్రశ్న అడగాలి, ఫోటో కింద ఏం రాయాలి, ఇవి చెప్తున్నామంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కాపీరైటు, ఓపెన్ లైసెన్సు, వికీపీడియా అంటూ ఆరు ఆదివారాలు కూర్చున్నామని తెలిశాక కొందరు మిత్రులు గట్టిగానే అడిగారు. "పిల్లలకు అంబేడ్కర్‌ని చెప్పండి, రిజర్వేషన్లు చెప్పండి. ఈ లైసెన్సుల గోల మనకెందుకు? అది సాఫ్ట్‌వేరోళ్ళ సంగతి గదా" అని. ఇంకో మిత్రుడు వేరే మాట అన్నాడు. "మన దగ్గరున్నదే కొంచెం. అది కూడా తెరిచి ఊరందరికీ పంచమంటారా?" మొదటి ప్రశ్నకు జవాబు అంబేడ్కర్ దగ్గరే దొరుకుతుంది. రెండో ప్రశ్న అంతకన్నా గట్టిది. ఈ మాటలన్నీ దాని కోసమే.

ముందు మనం నిలబడ్డ చోటు చూద్దాం. మైత్రీవనం నుంచి సత్యం థియేటర్ దాకా (ఆ థియేటర్ ఇప్పుడు లేదు, మల్టీప్లెక్స్ వచ్చింది, జనం నోట్లో పేరు మాత్రం అట్లాగే ఉంది) గోడ గోడకీ కోచింగ్ బోర్డులే. ఇక్కడి జిరాక్స్ షాపుల్లో ఒక విచిత్రమైన సరుకు అమ్ముతారు. ఎవరో ఒక విద్యార్థి క్లాసులో కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న నోట్సు. జావా అనీ, ఒరాకిల్ అనీ స్పైరల్ బైండింగ్ చేసి వరసగా పెడతారు. పాఠం చెప్పిన సారు పేరు అట్ట మీద ఉంటుంది. రాసిన చెయ్యి ఎవరిదో ఎక్కడా ఉండదు. పిల్లలను ఆ షాపుల మీదికి పంపి, "ఈ పుస్తకం ఎవరిది?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు పట్టుకు రమ్మన్నాం. సారుది అని ఒకరు తెచ్చారు. రాసినోడిది అని ఒకరు. మిషనున్నోడిది అని ఒకరు. "పైసలిచ్చి కొన్నోళ్ళది సార్" అంది ఒక పిల్ల. మంచి విలేకరి లక్షణం అదే, నలుగురినడిగి నాలుగు జవాబులు తేవడం. చట్టం ఏమంటుందో ఆ తర్వాత చెప్పాం. బహిరంగంగా చేసిన ప్రసంగం మీద మొదటి హక్కు ప్రసంగించిన మనిషిదని 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షనులో ఉంది. ఇప్పుడు మేం మాట్లాడుతున్న ఈ మాటలక్కూడా అది వర్తిస్తుంది.

అదే సందుల్లో లినక్స్ కూడా నేర్పుతారు. దాన్ని 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టి, మరుసటేడు జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు. మార్చి పంచినవాడు తను మార్చినదాని గుట్టు కూడా విప్పి ఇవ్వాలి. మన పిల్లల చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది కూడా ఆ లినక్సే. అంటే అమీర్‌పేట ఫీజు తీసుకుని చెప్పే విద్యలో పెద్ద భాగం ఎవరో తెరిచి ఇచ్చిన విద్యే. మనోళ్ళు బంగారం కుదువబెట్టి కట్టే ఫీజు సాఫ్ట్‌వేరుకు కాదు, దాన్ని వివరించే మనిషికి. తప్పని అనడం లేదు. లైసెన్సు దానికి ఒప్పుకుంటుంది. కానీ సరుకు వేరు, సరుకు దగ్గరికి తీసుకుపోయే దారి వేరు. దారికి టోల్‌గేట్ ఎవడు పెట్టాడన్నది చూడమని పిల్లలకు చెప్పాం.

రెండో ఆదివారం వాళ్ళ పాఠ్యపుస్తకమే తెరవమన్నాం. మన సర్కారు పుస్తకం పేజీ అడుగున ప్రభుత్వం దీన్ని ఉచితంగా పంపిణీ చేస్తున్నదని ఉంటుంది. ముందు పేజీలు తిప్పి చూస్తే ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. సర్వహక్కులూ ప్రత్యేకించబడినవి, ప్రచురణకర్త రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ తిరిగి ముద్రించరాదు, నిల్వ చేయరాదు అని. తొమ్మిదేళ్ళుగా ఆ పుస్తకాలు మోసిన పిల్లలు ఆ పేజీని మొదటిసారి చదివారు. "ఫ్రీ అని రాసి, ముట్టుకోవద్దని కూడా రాసిన్రు గద సార్" అన్నాడు ఒకడు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని మేం గంటసేపు చెప్పాలనుకున్న పాఠం వాడు ఒక్క వాక్యంలో చెప్పేశాడు. ఉచితం అంటే ఇచ్చేవాడి దయ. ఇవాళ ఇస్తాడు, రేపు ఆపుతాడు. తిరిగి అచ్చు వేసుకునే హక్కు మాత్రం ఇవ్వడు. ఇట్లాగే ఉండాలని ఏమీ లేదు. 2013లో కేంద్రం ఎన్‌సీఈఆర్‌టీ ద్వారా మొదలుపెట్టిన జాతీయ ఓపెన్ పాఠాల భాండాగారానికి, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే షరతు మీద పంచాలి అన్న లైసెన్సే పెట్టారు. బోధన కోసం నకలు తీసుకోవడాన్ని చట్టంలోని 52వ సెక్షను కూడా ఒప్పుకుంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు షాపు వైపే తీర్పు చెప్పింది. కాపీరైటు దేవుడిచ్చిన హక్కేమీ కాదని కూడా అంది. దేవుడిచ్చాడని చెప్పి మన నెత్తిన ఎక్కించినవి ఎన్నో చూసినవాళ్ళం, ఆ మాట మనకు బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు రెండో మిత్రుడి ప్రశ్న దగ్గరికి వస్తాం.

మా పిల్లల్లో ఒకడు వానలకు నాలా పొంగి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు ఫోటో తీశాడు. అది వాట్సాప్‌లో తిరిగింది. రెండు రోజులకు ఒక దినపత్రిక సిటీ పేజీలో అచ్చయింది. కింద పేరు లేదు. వాడిని ఎవరూ అడగలేదు. వాళ్ళమ్మ "మావోడి ఫోటో పేపర్ల పడ్డది" అని బస్తీ అంతా చూపించింది. పిల్లాడు మాత్రం "నా పేరెందుకు లేదు సార్?" అని ఆ కాగితం ముక్క పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

ఆ ప్రశ్నలో తెలంగాణ చరిత్ర ఉంది. దొర గడీకి చెప్పులు కుట్టి ఇచ్చినోడి పేరు ఎవడు రాశాడు? డప్పు కొట్టినోడికి, కబురు మోసినోడికి, శవాన్ని కాటికి చేర్చినోడికి కూలి లేదు, పేరూ లేదు. దాన్ని వెట్టి అన్నారు. మన పనీ, మన పాటా, మన మందుల తెలివీ ఎప్పుడూ 'ఓపెన్'గానే ఉన్నాయి. అడగకుండా తీసుకోవడానికి ఓపెన్, పేరు చెప్పకపోవడానికి ఓపెన్. అందుకని బస్తీ పిల్లల ముందుకు పోయి, నీ రాతను లోకానికి తెరిచి ఇచ్చెయ్ అని మొదటి రోజే చెప్తే అది పాఠం కాదు, దౌర్జన్యం. సాఫ్ట్‌వేరు ఉద్యమాల మిత్రులు ఈ మాట పట్టించుకోవాలి. వాళ్ళలో చాలామంది నిజాయితీపరులు. కానీ ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవాడికి పంచడం సులభం. తన పేరు అచ్చులో ఒక్కసారీ చూసుకోని పిల్లకు ముందు కావలసింది, ఇది నాది అనగల హక్కు.

అందుకని మా పాఠం వరస మార్చాం. మొదట హక్కు, తర్వాతే లైసెన్సు. నువ్వు రాసిన క్షణం నుంచి అది నీది, ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. పదమూడేళ్ళ పిల్లదైనా సరే, నువ్వు తీసిన ఫోటో నీది. నీ హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. ఇది 19వ సెక్షను. పత్రికలో ఉద్యోగం చేసే విలేకరి రాసినదాని మీద కూడా, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో వేసుకునే హక్కు వరకే యజమానిది. మిగతాది రాసినవాడిది. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్ మనకు కూతవేటు దూరంలో ఉంది. అక్కడ కూర్చునే విలేకరుల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో పిల్లలను పంపి అడిగించాలని ఉంది.

ఇంకో లెక్క కూడా చెప్పాం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టును చూపించమని వెతికాడు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది జాబితాలో 454 మంది పేర్ల చివరే కులం తెలిసిపోయింది. మిగిలిన 232 మందిలో 47 మందిని అడిగాడు. ఒక్కడూ దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి మళ్ళీ లెక్క తీస్తే 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీలు సున్నా. పేరు లేకుండా అచ్చయిన నాలా ఫోటోను ఈ లెక్కల పక్కన పెట్టి చూడండి.

హక్కు తెలిశాక పిల్లలు ఏమన్నారనుకుంటున్నారు? "అయితే ఎవ్వరికీ ఇవ్వం" అన్నారు. సహజం. అప్పుడు అంబేడ్కర్ని తెచ్చాం.

1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు ఆయన్ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసిన ఉపన్యాసం చూసి భయపడ్డారు. వేదాల జోలికి పోయిన భాగాలు తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన చెప్పాడు. సభ రద్దయింది. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించాడు. అదే కులనిర్మూలన. వెల ఎనిమిది అణాలు. గాంధీ తన హరిజన్ పత్రికలో విమర్శ రాస్తూ ఆ వెల ఎక్కువని, రెండణాలో నాలుగణాలో చేస్తే బాగుండేదని సలహా కూడా ఇచ్చాడు. ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. 1937లో రెండో కూర్పు వేస్తూ అంబేడ్కర్ ఏం చేశాడో చూడండి. గాంధీ రాసిన విమర్శను అదే పుస్తకంలో అచ్చు వేసి, పక్కనే తన జవాబు పెట్టాడు. గుజరాతీ, తమిళం వచ్చేశాయి, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం వస్తున్నాయి అని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ వరసలో తెలుగు లేదు.

ఈ ఒక్క పుస్తకంతో మేం లైసెన్సులన్నీ చెప్పాం. క్రియేటివ్ కామన్స్ వాళ్ళు 2002లో మొదటి లైసెన్సులు విడుదల చేశారు. వాటిలో నాలుగు ముక్కలుంటాయి, వాటినే అటూ ఇటూ కలుపుతారు. 'బై' అంటే రాసినవారి పేరు చెప్పాలి. 'ఎన్‌డీ' అంటే మార్చకుండా పంచాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడొద్దు. 'ఎస్‌ఏ' అంటే మార్చి పంచితే అదే షరతు మీద పంచాలి. ఇప్పుడు చెప్పండ్రా, అంబేడ్కర్ ఇవాళ ఉంటే ఏ లైసెన్సు పెట్టేవాడు అన్నాం.

కామా మార్చనన్నాడు కాబట్టి ఎన్‌డీ అన్నారు సగం మంది. ఒక పదో తరగతి పిల్ల లేచింది. "ఎన్‌డీ పెడితే తెలుగులకు మార్చొచ్చా సార్?" అంది. మార్చకూడదు. అనువాదం కూడా మార్పే. ఎన్‌డీ పెడితే ఆ వరసలో తెలుగు ఎప్పటికీ రాదు, మళ్ళీ పోయి అనుమతి అడుక్కోవాలి. గది రెండు పక్షాలయింది. కామా కాపాడాలా, తెలుగు రావాలా? గంటన్నర కొట్లాడుకున్నారు. మేం మధ్యలో రెండే విషయాలు చెప్పాం. ఒకటి, బై లైసెన్సులో కూడా మార్చినవాడు మార్చానని చెప్పాలి, దాచకూడదు. రెండు, రాసినవాడి పరువు పోయేట్టు రాతను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షను కింద రచయితకు విడిగా ఉంది. మండల్ వాళ్ళు అడిగింది వాళ్ళ మాటగా వాళ్ళు రాసుకోవడం కాదు, అంబేడ్కర్ నోటితో వాళ్ళ మాట చెప్పించడం. ఆ తేడా పట్టుకున్నాక పిల్లల్లో ఎక్కువమంది బై ఎస్‌ఏ వైపు వచ్చారు. నలుగురు మాత్రం ఎన్‌సీ కావాలని పట్టుబట్టారు. "పెద్ద పేపరోడు అమ్ముకుంటడు" అని వాళ్ళ బాధ. న్యాయమైన బాధే. కాకపోతే ఎన్‌సీ పెడితే తెలుగు వికీపీడియా తీసుకోదు, పది రూపాయలకు అమ్మే మన కరపత్రం కూడా చిక్కులో పడుతుంది. ఆ నలుగురినీ ఒప్పించలేదు, ఒప్పించాలని కూడా అనుకోలేదు. వాళ్ళ రాతల కింద ఎన్‌సీ అనే ఉంది. రాసినవాడి ఇష్టమే లైసెన్సు అని చెప్పి, మళ్ళీ మన ఇష్టం రుద్దడం ఏం పద్ధతి?

అంబేడ్కర్ రాతలు ఇప్పుడు ఎవరివి అని అడిగారు. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. ఆయన 1956 డిసెంబరు 6న పోయాడు. 2016 చివరితో గడువు తీరి, 2017 జనవరి 1 నుంచి కులనిర్మూలన మనందరిదీ. ఎవరైనా అచ్చు వేయొచ్చు, తెలుగు చేయొచ్చు. కానీ అన్నీ కాదు. ఆయన పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి అచ్చయిన ఏడు నుంచి లెక్క. హిందూమతంలోని చిక్కుముడుల మీద ఆయన రాసిన రిడిల్స్ 1987లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటంగా వచ్చి గొడవ రేపింది గదా, దానికి గడువు 2047 చివరిదాకా ఉంటుంది. ఆ సంపుటాల అచ్చు నత్తనడక నడుస్తున్నదని బొంబాయి హైకోర్టు 2021లో తనంతట తానే కేసు తీసుకుంది. హక్కు ప్రభుత్వం చేతిలో పెడితే పుస్తకం గోదాములో పడుకోవడం కూడా జరుగుతుందని చెప్పడానికి ఇదో ఉదాహరణ. ఇక తెలుగు అనువాదాల మీద అనువాదకులకో వేయించిన సంస్థకో వేరే హక్కుంటుంది, మూలం అందరిదైనా సరే. జాషువా 1971లో పోయాడు కాబట్టి గబ్బిలం 2031 చివరికి గాని అందరిదీ కాదు. భాగ్యరెడ్డి వర్మ 1939లోనే పోయాడు. 1931లో ఈ నగరంలోనే భాగ్యనగర్ పత్రిక నడిపిన మనిషి. ఆయన రాతలకు అడ్డు ఎప్పుడో తొలగిపోయింది. తీరా పిల్లలకు చూపిద్దామంటే ఆ సంచికలు మన చేతికందే చోట లేవు. హక్కుంది, కాగితం లేదు.

పంజాగుట్టలో మన కళ్ళ ముందు జరిగినదాన్ని చూడండి. 2019 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతికి ముందు రోజు, చౌరస్తాలో రాత్రికి రాత్రి నిలబెట్టిన బాబాసాహెబ్ విగ్రహాన్ని అనుమతి లేదని జీహెచ్ఎంసీ వాళ్ళు తీసేశారు. ఆ విగ్రహం జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పోయి, విరిగి కనబడింది. ధర్నాలు జరిగాయి. నాలుగేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్ 14న, అదే పంజాగుట్టలో ప్రభుత్వమే విగ్రహం ఆవిష్కరించింది. 2019 నాటి ఫోటోలు ఆ రోజు ప్రతి ఫోనులోనూ తిరిగాయి. ఇప్పుడు మన పిల్లలు ఆ కథ రాస్తూ ఫోటోలు వెతికితే దొరికినవాటికి పేరు లేదు, తేదీ లేదు, ఎక్కడ తీశారో లేదు. ఎవరిని అడగాలో తెలియదు. ఫోన్లు మారాయి, వాట్సాప్ గ్రూపులు పోయాయి. ఆ పొద్దున ఫోటో తీసిన మన కుర్రాడు పేరు, తేదీ, చోటు రాసి, బై ఎస్‌ఏ అని పెట్టి వికీమీడియా కామన్స్‌లో వేసి ఉంటే ఇవాళ అది దేశమంతా వాడుకోగల సాక్ష్యం అయ్యేది. వాడి పేరు దానితో పాటు తిరిగేది.

విగ్రహం ఫోటో తీయడానికి శిల్పి అనుమతి కావాలా అని ఒకరడిగారు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఫోటో తీసి ప్రచురించవచ్చని 52వ సెక్షనులోనే ఉంది. వెంటనే వెనక బెంచీ నుంచి ఇంకో ప్రశ్న. "ఒక్క రాత్రే ఉండనిచ్చిన్రు గద సార్. అది శాశ్వతం కిందికి వస్తదా?" చట్టం చదివిన మిత్రుడొకరు ఆ రోజు మాతో ఉన్నారు. ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు.

ఇంతసేపూ తెరవమనే చెప్పాం. తెరవకూడనివి కూడా ఉన్నాయి. ఒకసారి ఓపెన్ లైసెన్సు మీద ఇచ్చిన ప్రతిని వెనక్కి తీసుకోలేం. ఆ షరతు పిల్లలకు రెండుసార్లు చదివి వినిపించాం. ఏడుస్తున్న తల్లి ఫోటో తీసినవాడికి కాపీరైటు ఉంటుంది, కానీ ఆ ముఖం ఆమెది. లైసెన్సు ఫోటోకే గాని ముఖానికి కాదు. అత్యాచారానికి గురైన పిల్ల పేరు, ఫోటో, స్కూలు పేరు వేయడానికి ఏ లైసెన్సూ పనికిరాదు, అది పోక్సో చట్టం కింద నేరం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టారు. 2008 అక్టోబరు నుంచి మాచునూరులో సొంత రేడియో నడిపారు. వాళ్ళు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింది నుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదురెదురుగా సమానంగా చూస్తే సంఘం షాట్. ఏ జర్నలిజం కాలేజీలోనూ ఇంత బాగా చెప్పరు. మా పిల్లలు నాలా బాధితుల ఫోటోలు తీసేటప్పుడు కింద కూర్చుని తీయడం అక్కడ్నుంచే నేర్చుకున్నారు.

నానమ్మ కథల సంగతీ అంతే. 2023-24 ప్రాంతంలో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థ వేలాదిమంది విద్యార్థులతో తెలుగు కథలు సేకరించి, తెలుగులో కథలు చెప్పే చిన్న కృత్రిమ మేధను తయారు చేయించింది. మంచి పని. మన భాష మిషన్లకు రాకపోతే మిషన్లు మన మీద ఇంకొకరి భాషనే రుద్దుతాయి. కానీ చిందు, డక్కలి కళాకారులు చెప్పే జాంబ పురాణాన్ని రేపు మన పిల్లలు రికార్డు చేస్తే? తరతరాల కథ మీద కాపీరైటు ఎవరికీ లేదు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. కానీ పాడిన మనిషికి ఆ ప్రదర్శన మీద 50 ఏళ్ళు హక్కు ఉంది. 38వ సెక్షను. కాబట్టి ముందు ఆ మనిషిని అడగాలి, అర్థమయ్యేట్టు చెప్పాలి, పేరు రాయాలి, వద్దంటే ఊరుకోవాలి. మా క్లాసులో ఒక పిల్ల వాళ్ళ నానమ్మ పాటలు రికార్డు చేసి, రెండు పాటలకు ఒప్పుకుందని, మూడోది "అది ఇంట్లదే, బయటికి పోవద్దు" అందని చెప్పింది. ఆ మూడోది మేం కూడా వినలేదు.

ఇప్పుడు చివరి సంగతి. తలుపు తెరిచి ఉందంటే లోపలికి పోగలమని కాదు. మహాడ్ చెరువు గుర్తుందా? బహిరంగ చెరువులు అందరివీ అని 1923లో బొంబాయి శాసన మండలి తీర్మానం చేసింది. మరుసటేడు మహాడ్ మునిసిపాలిటీ కూడా చెరువు తెరిచామంది. కాగితం మీద తెరిచే ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలాదిమంది నడిచిపోయి దోసిట్లోకి నీళ్ళు తీసుకునేదాకా ఒక్క అంటరానివాడూ తాగలేదు. తాగాక దెబ్బలు తిన్నారు, చెరువును శుద్ధి చేశారు. కారంచేడు కూడా చెరువు దగ్గరే మొదలైంది. 1985లో, తాగే నీళ్ళలో గేదెలను కడగొద్దన్న మాట మీద, మున్నంగి సువార్త ఎత్తిన బిందె మీద. ఓపెన్ లైసెన్సు మునిసిపాలిటీ తీర్మానం లాంటిది. అవసరమే. కడవ ముంచేది మాత్రం మనిషే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఎవరైనా రాయొచ్చు. మన పిల్లలు తమ బస్తీ గురించి రాద్దామని కూర్చుంటే మొదట ఎదురయ్యే మాట, ఆధారం చూపించు. అచ్చయిన ఆధారం కావాలి. నియమం అందరికీ ఒకటే, మంచి నియమమే. కానీ మన చరిత్ర అచ్చయింది ఎక్కడ? పెద్ద పత్రికల్లో మన బస్తీ అగ్నిప్రమాదమైనప్పుడో దొంగతనమైనప్పుడో కనపడుతుంది. మన మాట అచ్చయింది ఇట్లాంటి పక్షపత్రికల్లో, కరపత్రాల్లో. అవి ఏ లైబ్రరీ బైండు చేసి పెట్టింది? 90లలో, ఆ తర్వాతా కంప్యూటర్లో కూర్చినవి కూడా అను ఫాంట్లలో కూర్చినవే. ఫైలు ఉన్నా ఇప్పటి ఫోనులో తెరిస్తే ఇంగ్లీషు గీతలే. ఒక్క ఊరి పేరు వెతికితే దొరకదు. తాళం చట్టానిది కాదు, అక్షరానిది. అందుకే పిల్లలకు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు నేర్పాం. ఓపెన్ లైసెన్సు ఫాంట్లు తెలుగులో చాలానే వచ్చాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి అంటూ ఆ పేర్లు చూసి ఒకడు "కృష్ణదేవరాయలు కొలువంత వచ్చింది" అన్నాడు. ఆ పెద్దన అక్షరాల్లోనే మా పిల్లలు నాలా వార్త కూర్చుకున్నారు. పెద్దనకు అభ్యంతరం ఉండదనుకుంటాం.

కాబట్టి చేయవలసిన పని ఇది. తల్లిదండ్రులకు ఒక కాగితం ఇస్తున్నాం. పిల్లలు మైనర్లు, వాళ్ళు చేసే ఒప్పందం చెల్లదు, పెద్దల సంతకం కావాలి. అందులో ప్రతి రాతకూ, ప్రతి ఫోటోకూ విడివిడిగా గళ్ళు ఉన్నాయి. పేరు వేయాలా వద్దా, ఏ లైసెన్సు, లేక అసలు ఇవ్వొద్దా. అన్నీ ఒక్క సంతకంతో రాయించుకునే కాగితం కాదది. చదువు రాని తల్లులకు పిల్లలే చదివి వినిపిస్తారు, అదీ ఒక పాఠమే. పిల్లల ఫోను నంబర్లు, స్కూలు పేర్లు ఎక్కడా వేయం.

ఇక మీ ఇళ్ళలో పాత సంచికలు, కరపత్రాలు, సభల వాల్‌పోస్టర్లు ఉంటాయి. వాటిలో రాసినవాళ్ళు బతికుంటే పిల్లలు పోయి అడిగి సంతకం తెస్తారు. లేనివాళ్ళ వారసులను వెతుకుతారు. దొరకనివాటిని స్కాన్ చేసి మన దగ్గరే ఉంచుతాం, బయట పెట్టం. వచ్చే ఆదివారం పది గంటలకు స్కానర్ వస్తుంది. అట్టలు పోయినవైనా, చెదలు పట్టినవైనా సరే, పట్టుకురండి. ఎవరివో వెనక పెన్సిలుతో పేరు రాసి ఇవ్వండి.